తిట్టి చూడవలసిన మేడ

కాంచికానగరంలోని రత్నకూట సౌధాన్ని చూడవచ్చినవాళ్ళు ముందుగా సింహద్వారం దగ్గర నిలబడి దాన్ని తిట్టాలి. అది అక్కడి చట్టం. తిట్టకుండా లోపలికి అడుగు పెట్టబోయినవాడికి కొరడా దెబ్బలు తప్పవు. నోరు జారి మెచ్చుకున్నవాడి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. మేడ చుట్టూ అగడ్త ఉంది, అగడ్తలో మొసళ్ళున్నాయి, వాటికి ఎప్పుడూ ఆకలే.

ఇదెక్కడి చోద్యం అంటారా? తొందరపడకండి, చెబుతాను. ఆ మేడను పూర్వం హేమకేతు మహారాజు కట్టించాడు. ఆయన వంశం అంతరించాక ధూమ్రకేశుడనే మాంత్రికుడు దాన్ని ఆక్రమించి మంత్రబలంతో కొత్త వన్నెలు దిద్దాడు. స్తంభాలకు కెంపులు పొదిగాడు, గోడలకు ముత్యాల పూత పూశాడు, తోటలో చెట్లన్నిటికీ బంగారు ఆకులు మొలిపించాడు. ఇంత చేసి నలుగురికీ చూపించుకోకపోతే వాడికి తిన్నది అరగదు. చూపిస్తే దిష్టి తగులుతుందేమోనని దడుపు. ఎందుకంటే నరదృష్టికి నాపరాళ్ళయినా పగులుతాయని, మంత్రంతో కట్టిన వైభవానికి దిష్టి తప్ప వేరే చావు లేదని వాడి గురువు కన్నుమూస్తూ మరీ చెప్పాడు. చూడకపోతే ఏడుపు, చూస్తే భయం! అందుకని వాడి పాడు బుర్రకు ఈ ఉపాయం తోచింది. జనం రావాలి, చూడాలి, తిట్టాలి, పోవాలి.

ఆ మధ్యాహ్నం చూపరుల వరసలో ఒక పల్లెటూరి యువకుడూ, అతని చెయ్యి పట్టుకుని కళ్ళకు గంతలు కట్టుకున్న ఒక ముసలమ్మా నిలబడి ఉన్నారు. ఆ మురికి తలపాగా కింద ఉన్నవాడు మందారదేశపు రాజకుమారుడు మకరందుడు. అతని చేతిలోని వెదురు ఊతకర్రలో పదునైన కరవాలం దాగి ఉంది. ఇక ముసలమ్మ కళ్ళంటారా, అవి నిక్షేపంగా ఉన్నాయి. చిక్కంతా ఆ కళ్ళతోనే.

ఆమె పేరు నాంచారమ్మ. ఊరు వాగొడ్డుపల్లె. ఆ ఊళ్ళో ఆమె వీధిలోకి వస్తే తల్లులు ఉయ్యాలల మీద దుప్పట్లు కప్పేవారు, పెరుగు కుండల మీద గబగబా మూతలు పడేవి. ఆమె ముచ్చటపడి చూసిన పాడిగేదె ఆ పూటే పాలు ఎగ్గొట్టిందట, పొరుగింటి కొత్త పందిరి గాలీవానా లేకుండానే కూలిందట. చివరికి సొంత మనవడి బారసాలకు కూడా ఆమెను పిలవలేదు. పాపం, ఊరి బయట గుడిసెలో బూడిద గుమ్మడి పాదు పెట్టుకుని బతుకుతోంది. కాయ కాస్తే, ఎక్కడ దిష్టి తగిలి కుళ్ళిపోతుందోనని కళ్ళు మూసుకుని చేత్తో తడిమి చూసుకునేది. అటువంటి ఆమె గుడిసె తలుపు తట్టి, "అత్తా! నీ కళ్ళు నాకు కావాలి" అని అడిగిన మొదటి మనిషి మకరందుడు.

ఎందుకంటే, ధూమ్రకేశుడు అతని చెల్లెలు శేఫాలికను ఎత్తుకొచ్చి మేడ వెనక లోపలి తోటలో చంద్రకాంత మొక్కగా మార్చేశాడు. ఇవాళ పొద్దు వాలగానే ఆ మొక్కకు మొదటి పువ్వు విచ్చుకుంటుంది. దాన్ని మాంత్రికుడు కోశాడా, ఇక వాడికి చావుండదు, ఆ పిల్లకు మనిషి రూపుండదు.

"లోపలి తోటకు చేరేదాకా గంతలు విప్పకత్తా" అని మకరందుడు గుసగుసలాడాడు. "చేరాక విప్పేసి, కళ్ళారా చూసి నోరారా మెచ్చుకో. మిగతా సంగతి నా కత్తి చూసుకుంటుంది."

"మెచ్చుకోమంటే మెచ్చుకుంటాను నాయనా. కాని నాకు నిజంగా ముచ్చటేస్తేనే తగులుతుంది. ఉత్తుత్తి మాటకి తగలదు. మా కరణంగారి భార్య నగలు చూసి బావున్నాయమ్మా అన్నాను ఒకసారి. పిసరంత కూడా కాలేదు. ఏం? నాకవి నచ్చలేదు."

"ఈ మేడ నచ్చనివాళ్ళు భూమ్మీద ఉండరత్తా!"

 నాంచారమ్మ వేళ్ళతో అతని బుగ్గ వెతికి, పొద్దున బయలుదేరేటప్పుడు దిష్టి తగలకుండా తాను కళ్ళు మూసుకుని పెట్టిన కాటుక చుక్క ఉందో లేదోనని మళ్ళీ ఒకసారి తడిమి చూసుకుంది.

ఇంతలో వాళ్ళ వంతు వచ్చింది. గండుపిల్లి మీసాల ద్వారపాలకుడు కొరడా ఝళిపిస్తూ, "ఒరేయ్, ముసల్దాని గంతలు విప్పు. కళ్ళు పరీక్ష చెయ్యాలి!" అన్నాడు.

"అమ్మవారు పోసి మా అత్తకు కళ్ళు పోయాయి దొరా! విప్పమంటే విప్పుతాను గాని, చూశాక మీకు నాలుగు రోజులు అన్నం సయించదు. మా ఊరి వైద్యుడైతే చూసి చూడగానే కాశీకి పోయాడు."

ద్వారపాలకుడు గభాలున రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దు వద్దు! అయినా గుడ్డిదానికి మేడ చూడ్డం ఏమిట్రా?"

"చూడ్డానికెవరొచ్చారు బాబూ? వాసన చూసి పోదామని వచ్చాను" అంది నాంచారమ్మ. "డబ్బున్నోళ్ళ ఇళ్ళు ఏ వాసనేస్తాయో చచ్చేలోగా తెలుసుకోవద్దూ?"

"సరే సరే, తిట్టండి!"

మకరందుడు గొంతు సవరించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి అతను ఎవరినీ తిట్టి ఎరగడు. కత్తియుద్ధం నేర్పారు, గుర్రపుస్వారీ నేర్పారు, గజశాస్త్రం నేర్పారు. ఈ విద్య మాత్రం ఏ గురువూ నేర్పలేదు. "ఈ ద్వారం... అంత... సమంజసంగా లేదు" అన్నాడు.

కాపలావాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "ఇదీ ఒక తిట్టేనట్రా! మా అత్తగారు నన్ను పలకరించేటప్పుడు ఇంతకన్నా గట్టిగా తిడుతుంది!" అంటూ ద్వారపాలకుడు కొరడా ఎత్తాడు.

"ఆగు బాబూ, వాడికి నోరు లేదు. వాడి వాటా కూడా నేనే తిడతాను" అని నాంచారమ్మ ముందుకొచ్చి తలుపును తడిమి, దాని మీద ఒక్క చరుపు చరిచింది. "ఇదా ద్వారం? చెయ్యెత్తినా అందనంత గుమ్మం పెట్టుకున్నాడంటే ఈ ఇంటాయన ఒంటె దిగకుండా వంటింట్లోకి పోయే రకమైనా అయ్యుండాలి, మెడ వంచితే మళ్ళీ లేవని మొద్దయినా అయ్యుండాలి! తలుపు చూడబోతే కిర్రో మని ఏడుస్తోంది. ఇన్ని కెంపులు పొదిగించినవాడికి చుక్క ఆముదానికి గతి లేకపోయిందా? థూ! మా పందులదొడ్డి తడిక నయం."

వరసలో ఉన్నవాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. ద్వారపాలకుడు కళ్ళు తుడుచుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. మకరందుడు ఆశ్చర్యపోయి, "ఇన్ని తిట్లు ఎక్కడ నేర్చావత్తా?" అని చెవిలో అడిగాడు.

"నేర్చుకోవడమెందుకు నాయనా? పుట్టినప్పట్నించీ తింటూనే ఉన్నా" అంది నాంచారమ్మ.

లోపల డిండిమయ్య అనే బానపొట్ట ఆసామి ఎదురయ్యాడు. చూపరులకు మేడ తిప్పి చూపించడం ఆయన కొలువు. "రండి రండి! ఇదిగో ఇదే మా దిక్కుమాలిన కొలువుకూటం! కళ్ళు చెదిరేలా చూడండి, నోరు నొప్పెట్టేలా తిట్టండి!" అంటూ దారి తీశాడు.

ఆ కొలువుకూటాన్ని వర్ణించాలంటే నాకూ భయంగానే ఉంది, మెచ్చుకున్నానని నన్నెక్కడ పట్టుకుపోతారోనని. నీలాలు పరిచిన నేల నిశ్చలమైన కొలనులా ఉంటే ఆడవాళ్ళు చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నడుస్తున్నారు. పైకప్పుకు వేలాడే స్ఫటిక దీపాల్లో నూనె లేదు, వత్తి లేదు, ఊరికే వెలుగుతున్నాయి. గోడల మీద చెక్కిన హంసలు చూపరుల వెంట మెడలు తిప్పుతున్నాయి. సింహాసనానికి అటొకటీ ఇటొకటీ రెండు రాతి సింహాలు పడుకుని ఉన్నాయి. మేడను మెచ్చే మాట ఎవరి నోట వచ్చినా వినగానే లేచే సింహాలవి.

"ఈ కుళ్ళు స్తంభాలు చూశారా?" అంటున్నాడు డిండిమయ్య. "నేడో రేపో కూలిపోతాయి. ఈ దీపాలు దండగ. ఈ హంసలు కాకులకన్నా కనాకష్టం."

"అబ్బ! ఎంత బావుందో!"

అందరూ కొయ్యబారిపోయారు. కొత్తగా పెళ్ళైన ఒక కుర్రవాడు ఆ మాట అనేసి, రెండు చేతులతో నోరు మూసుకుని వణికిపోతున్నాడు. రాతి సింహాలు రెండూ గుర్రుమంటూ లేచాయి. భటులు బల్లేలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

మకరందుడు చటుక్కున ఆ కుర్రవాడి మెడ పట్టుకుని అతని భార్య వైపు తిప్పాడు. "కొత్త పెళ్ళికొడుకు దొరా! మేడను కాదు, పెళ్ళాన్ని చూసి అన్నాడు! చూడండి ఆ పిల్ల ఎలా సిగ్గుపడుతోందో!"

ఆ పిల్ల భయంతో ఎర్రబడిందో సిగ్గుతో ఎర్రబడిందో గాని, ఎర్రబడింది. భటులు చూశారు, డిండిమయ్య చూశాడు, సింహాలు కూడా కాస్త మెడ సాచి చూశాయి. "నిజమే, పిల్ల బావుంది" అని ఒక భటుడు ఒప్పుకున్నాడు. సింహాలు మళ్ళీ పడుకున్నాయి.

అప్పుడు సింహాసనం వెనక పట్టు తెర కదిలింది. పొగ గొట్టంలోంచి వచ్చినట్టు ఒక బొంగురు గొంతు వినపడింది.

"గుమ్మం దగ్గర ఆ ఒంటె మాట అన్నదెవరు?"

అది ధూమ్రకేశుడి గొంతు. డిండిమయ్య గజగజలాడుతూ నాంచారమ్మను ముందుకు తోశాడు.

"భేష్! నేటి సాయంత్రం నా తోటలో ఒక అపురూపమైన పువ్వు విచ్చుకుంటుంది. ఆ సమయంలో పురుగు కన్ను కూడా దాని మీద పడకూడదు. పక్కనే నిలబడి దండిగా తిట్టడానికి ఒక మంచి నోరు కావాలి. ఆ ముసలిదాన్ని తీసుకురండి. గుడ్డిది కావడం మరీ మంచిది."

"నా మేనల్లుడు చెయ్యి పట్టుకుంటే గాని నేను నడవలేను బాబూ" అంది నాంచారమ్మ దీనంగా.

"వాడినీ తల వంచుకుని రానివ్వండి. నోరు లేనివాడేగా!"

మకరందుడు తలపాగా సర్దుకునే నెపంతో నవ్వు దాచుకున్నాడు.

లోపలి తోట గుమ్మానికి పైన బంగారు ఉట్టిలో పొట్టేలంత బూడిద గుమ్మడికాయ ఒకటి వేలాడుతోంది. దాని కిందుగా దాటి వెళితే దారికి అటూ ఇటూ బంగారు ఆకుల చెట్లు గాలికి గలగలలాడుతున్నాయి. పచ్చల పచ్చిక మధ్య పన్నీటి కాలువలు పారుతున్నాయి. అన్నిటికీ నడుమ, ఆ వైభవంతో ఏ సంబంధమూ లేనట్టు, మామూలు మట్టిలో మామూలు చంద్రకాంత మొక్క ఒకటి తల వంచుకుని ఉంది. దానికి ఒకే ఒక మొగ్గ. ఆ మొగ్గను చూడగానే మకరందుడు తన చెల్లెల్ని గుర్తుపట్టాడు. చిన్నప్పుడు అలిగినప్పుడల్లా శేఫాలిక సరిగ్గా అలాగే తల వంచుకునేది.

మొక్క పక్కనే నిలబడి ఉన్నాడు ధూమ్రకేశుడు. తల మీద జుట్టు బదులు పొగ సుళ్ళు తిరుగుతోంది. రెండు బుగ్గల మీదా రెండు నల్లచుక్కలు, మెడలో నిమ్మకాయల దండ, నడుముకు మిరపకాయల మొలతాడు, కాళ్ళకు నల్లతాళ్ళు. వెనక నాలుగు దంతపు కోళ్ళ పందిరిమంచం ఒకటి నేలకు జానెడెత్తున గాలిలో తేలుతోంది. అది వాడి ఆకాశవాహనం. ఎక్కడికి పోయినా పడుకునే పోతాడు, బద్ధకస్తుడు.

సూర్యుడు మేడ వెనక్కి జారాడు. మొగ్గ కొస ఎర్రగా కదిలింది.

"ఊఁ, తిట్టు ముసలీ!" అన్నాడు మాంత్రికుడు.

"అత్తా, ఇప్పుడే!" అంటూ మకరందుడు ఒక్క లాగుతో ఆమె గంతలు ఊడదీశాడు. మరు క్షణంలో ఊతకర్ర రెండై కరవాలం తళుక్కుమంది.

"కళ్ళున్నాయి! దానికి కళ్ళున్నాయిరోయ్!" అని ధూమ్రకేశుడు ముఖం కప్పుకుని కెవ్వుమన్నాడు.

నాంచారమ్మ కళ్ళు చికిలించి బంగారు చెట్లను చూసింది. పచ్చల పచ్చికను చూసింది. పన్నీటి కాలువను చూసింది. తోటలో ఒక్క ఆకు రాలలేదు. ఆమె ముఖం మాత్రం చేదు కాకరకాయ కొరికినట్టు అయిపోయింది.

"ఇదేం తోట నాయనా?" అంది. "రేకు ముక్కలు అతికించినట్టు ఈ ఆకులేమిటి? చీడ పట్టినా తెలిసి చావదు. ఇంత నేల పెట్టుకుని ఒక్క వంగ మొక్క లేదు, కరివేపాకు రెబ్బ లేదు. పన్నీరు పోస్తే మొక్క బతుకుతుందిట్రా ఎక్కడైనా?"

"అత్తా! మెచ్చుకో!"

"నచ్చకపోతే ఎట్లా మెచ్చేది? ముందే చెప్పాను కదా నీకు!"

ధూమ్రకేశుడు వేళ్ళ సందుల్లోంచి తొంగి చూశాడు. తోట చెక్కు చెదరలేదు. వాడి ముఖం చేటంత అయింది. "శభాష్ ముసలీ! వంద నోళ్ళ పెట్టు నీ నోరు! తిట్టు, ఇంకా తిట్టు!" అని చప్పట్లు కొట్టి ఏదో మంత్రం గొణిగాడు. బంగారు తీగలు పాముల్లా లేచి మకరందుడిని కాళ్ళ నుంచి మెడ దాకా చుట్టేశాయి. కరవాలం ఖంగున రాతి మీద పడింది. అతను గింజుకున్నకొద్దీ తీగలు బిగిశాయి.

"శేఫాలీ!" అని అరిచాడు మకరందుడు. మొగ్గ మొదటి రేక విప్పింది.

 నాంచారమ్మను నమ్మి వెంట తీసుకొచ్చిన ఒక్కడూ ఆమె కళ్ళ ముందే చచ్చిపోతున్నాడు. ఆ పాడు ఆకులను మెచ్చుకుందామని చూసింది, ముచ్చట పుట్టలేదు. ఏడుపుతో వెనక్కి వెనక్కి నడిచి తోట గుమ్మానికి కొట్టుకుంది. పైన ఉట్టి కిర్రుమని ఊగింది. ఆమె తలెత్తి చూసింది.

జన్మలో మొదటిసారి నాంచారమ్మ ఒక బూడిద గుమ్మడికాయను కళ్ళు తెరిచి నిండుగా చూసింది.

"ఓరి నాయనో! ఏమి కాయ! ఏమి కాయరా ఇది!" అంది, చెంపలు నొక్కుకుంటూ. ఏడుపు ఎటు పోయిందో పోయింది. "తొడిమ చూడు, నా మణికట్టంత ఉంది! ఆ బూడిద చూడు, చెయ్యేస్తే ముద్ద పట్టేలా ఉంది! దీనికి నీళ్ళెవరు పోశారో గాని వాడి చేతులకు దణ్ణం పెట్టాలి. నా పాదుకి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఇలాంటిది కాయలేదు కదా! ఇది గనక నాదైతే, వడియాలు పెట్టి ఊరు ఊరంతటికీ..."

ధూమ్రకేశుడు గిరుక్కున తిరిగాడు. "వద్దు! దాన్ని చూడకు! తోటను చూసుకో, మేడను చూసుకో, నన్ను చూసుకో! ఆ కాయ వద్దు!"

వెయ్యి కన్నుల దిష్టి తగలకుండా మేడ మొత్తానికీ వాడు కట్టుకున్న రక్ష అదే మరి! దాన్ని కొట్టాలని కత్తులు పట్టుకుని వచ్చినవాళ్ళున్నారు గాని, దాని మీద మోజుపడ్డవాళ్ళు ఇన్నాళ్ళలో ఒక్కరూ లేరు.

ఫెటిల్లుమని కాయ నిలువునా పగిలింది.

గుజ్జూ గింజలూ ధూమ్రకేశుడి నెత్తిన కుంభవృష్టిగా కురిశాయి. ఆ వెంటనే చెట్ల ఆకులన్నీ బంగారం పోయి పచ్చబడ్డాయి. కెంపులు గులకరాళ్ళై జలజలా రాలాయి. కొలువుకూటంలోంచి జనం కేకలు వినవచ్చాయి. ముత్యాల పూత పెచ్చులుగా ఊడిపోతుంటే, కింద నుంచి హేమకేతు మహారాజు కట్టించిన అసలు మేడ బయటపడింది. నల్లరాతి గోడలు, సున్నం రాలిన గోపురాలు, పావురాల గూళ్ళు. పాతదే గాని నిటారుగా నిలబడింది.

తీగలు మెత్తబడి మకరందుడి ఒంటి మీద నుంచి జారిపోయాయి. చంద్రకాంత మొక్క ఉన్నచోట, ఒళ్ళంతా మట్టితో, చెవి పక్కన ఒక ఎర్రటి పువ్వుతో శేఫాలిక కూర్చుని తుమ్ముతోంది.

"అన్నా!" అంది.

అన్న ఉంటే కదా పలకడానికి! గుజ్జు తుడుచుకుంటూ ధూమ్రకేశుడు, ఇంకా మంత్రం చెడని పందిరిమంచం మీదికి దూకాడు, మకరందుడు మంచం కోడు పట్టుకున్నాడు. మంచం రివ్వున లేచి చెట్ల మీదుగా అగడ్త వైపు దూసుకుపోయింది. కోడుకు వేలాడుతున్న రాకుమారుడి వేళ్ళ మీద మాంత్రికుడు దిండుతో బాదుతున్నాడు.

"అత్తా!" అని పైనుంచి కేక. "ఈ మంచాన్ని ఒక్కసారి చూడు!"

నాంచారమ్మ అప్పటికే కొంగుతో ముఖమంతా కప్పేసుకుంది, పిల్ల మీద తన చూపు పడకుండా. "చూడను నాయనా! దాన్ని పట్టుకుని నువ్వున్నావు!"

"నా బుగ్గన చుక్క ఉంది కదా!"

"చెమటకి కారిపోయుంటుంది!"

శేఫాలిక పరిగెత్తుకొచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అత్తా, ముందు నన్ను చూడు."

"వద్దు తల్లీ! నా కన్ను మంచిది కాదు. ఇప్పుడే మనిషివయ్యావు, నిన్ను చూడలేను."

"ఇన్నాళ్ళూ ఈ తోటకొచ్చిన ప్రతివాడూ నన్ను చూసి ఛీ అని పోయినవాడే. పీనుగు మొక్క అన్నారు, పాడు మొక్క అన్నారు. అన్నీ వింటూనే ఉన్నానత్తా, నోరు లేక ఊరుకున్నాను. ఒక్కరైనా నేను బావున్నానని అనలేదు. నువ్వను."

నాంచారమ్మ కొంగు జారింది. ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది తెరిచింది. "నా తల్లే! ఎంత చక్కగా ఉన్నావే!" అనేసి, అన్నందుకు హడలిపోయి ఊపిరి బిగబట్టింది.

శేఫాలికకు ఏమీ కాలేదు. నవ్వింది, అంతే. దిష్టి తగలాలంటే కడుపులో రవ్వంత కుళ్ళయినా ఉండాలని పెద్దలంటారు. నాంచారమ్మకు గుమ్మడికాయ మీద అది దండిగా ఉంది గాని, పిల్ల మీద లేదు.

ఇంకేం! ముసలమ్మ ఛంగున లేచి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూసింది. "అమ్మమ్మా! ఏమి మంచం తల్లీ! నా బతుకంతా చిరుగుచాప మీద తెల్లారిపోయింది, ఆ పరుపు చూడు, ఆ దంతపు కోళ్ళు చూడు, ముఖ్యంగా ఆ చివరి కోడు..."

టక్కున చివరి కోడు విరిగింది. దురదృష్టం ఏమిటంటే, మకరందుడు పట్టుకుని వేలాడుతున్నది ఆ కోడే.

మంచం పక్కకు ఒరిగింది. పందిరి గుడ్డ పట్టుకుని మాంత్రికుడు ఒకవైపు వేలాడుతుంటే, విరిగిన కోడుతో సహా కిందికి జారిన రాకుమారుడు మంచం నవారు కొసను ఒంటి చేత్తో దొరకబుచ్చుకున్నాడు. నవారు పటపటా ఊడివస్తోంది. కింద అగడ్తలో మొసళ్ళన్నీ వరసగా నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నాయి.

"అత్తా!" అని అరిచాడు మకరందుడు. "మంచం చాలు! ఈ మొసళ్ళ పళ్ళు చూశావా! ఎంత ముచ్చటగా ఉన్నాయో! నీకా బోసినోరు, వీటికేమో ఇన్నేసి పళ్ళు! ఒక్కసారి వచ్చి చూడత్తా, త్వరగా!"

"చూడత్తా, చూడు!" అని శేఫాలిక కూడా చెయ్యి పట్టి లాగుతోంది.

చూడొద్దు, చూడొద్దు అని తరిమినవాళ్ళనే ఎరిగిన నాంచారమ్మను, చూడమని బతిమాలేవాళ్ళు ఒకేసారి ఇద్దరు! ఆమెకు కళ్ళనిండా నీళ్ళు తిరిగి ముందున్న దారే కనిపించలేదు.

"వస్తున్నా నాయనా, గట్టిగా పట్టుకో!" అంటూ శేఫాలిక చెయ్యి పట్టుకుని అగడ్త వైపు పరిగెత్తింది. "ఒక్క క్షణం ఓపిక పట్టు, కళ్ళు తుడుచుకోనీ!"